మృత్యుభయము – దైవభక్తి: మన సీమ చరిత్ర చెప్పు సాక్ష్యము



గత ప్రసంగము ముగిసిన పిమ్మట ఒక యువకుడు మా వద్దకు వచ్చి, నమస్కరించి, మర్యాదగానే ఒక ప్రశ్న వేసినాడు. "స్వామీ! మనుష్యునకు చావే లేకున్నచో గుడి ఉండెడిదా?" అని. ప్రక్కనున్న పెద్దలు అతనిని కసరబోయినారు. మేము వద్దని వారించినాము. ప్రశ్న మంచిదే. వెంటనే బదులు తోచలేదు గనుక ఈ వారమునకు వాయిదా వేసినాము.

ఈ మాట ఆ యువకుని ఒక్కనిది కాదు. ఇంగ్లండు దేశపు తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ 1927లో లండను నగరమున చేసిన ప్రసంగములో మతమునకు ప్రధానమైన పునాది భయమే అని వాదించినాడు. అమెరికా పండితుడు ఎర్నెస్ట్ బెకర్ 1973లో ప్రకటించిన గ్రంథములో, తన చావును తలచుకొని ఓర్వలేకనే మనుష్యుడు కీర్తి, కట్టడము, మతము అను కోటలను తన చుట్టును కట్టుకొనుచున్నాడని చెప్పినాడు. విశ్వవిద్యాలయములో బోధించు మిత్రులు ఈ సంగతులు మాకు వివరించినారు. విని మేము ఉలికిపడలేదు. ఏలయన, పతంజలి మహర్షి క్లేశములు అయిదింటిని లెక్కించుచు, చివరిదైన అభినివేశమును, అనగా బ్రతుకును పట్టుకొని వదలలేని తనమును, పామరునకు ఎట్లో పండితునకును అట్లే సహజమని చెప్పియే ఉన్నాడు. ఆ మాట నిజము. మాకు డెబ్బది దాటినవి. వేదము వల్లించిన నోరే గాని, అర్ధరాత్రి గుండెలో కలుక్కుమన్నచో మొదట వచ్చునది మంత్రము కాదు, భయమే.

కావున భయము ఉన్నదా లేదా అను వాదము మనకు అక్కరలేదు. ఆ భయము మనుష్యుని చేత ఏమేమి చేయించినది అనునదే విచారింపదగినది. దానికి శాస్త్రవాక్యములు చాలవు. చరిత్ర చూడవలెను. అదృష్టవశమున మన తిరుపతి, చిత్తూరు సీమలో ఆ చరిత్ర రాతిమీదనే ఉన్నది.

శ్రీకాళహస్తికి సమీపమున తొండమనాడు అను ఊరు కలదు. చోళరాజైన మొదటి ఆదిత్యుడు, పల్లవ అపరాజితుని గెలిచి తొండైమండలమును తన రాజ్యములో కలుపుకొన్న మహావీరుడు, సుమారు 907వ సంవత్సరమున అక్కడనే కాలధర్మము చెందినాడు. కావేరీ తీరమున సహ్యాద్రి మొదలు సముద్రము వరకు శివాలయములు వరుసగా కట్టించినాడని అన్బిల్ తామ్రశాసనము అతనిని పొగడుచున్నది. అట్టివాడు తన సొంత కావేరికి ఎంతో దూరమున, స్వర్ణముఖి సీమలో కన్ను మూసినాడు. తరువాతి శాసనములు అతనిని 'తొండైమానారూరులో నిద్రించిన ప్రభువు' అని వ్యవహరించినవి. చచ్చినాడని వ్రాయుటకు శాసనకర్తకును నోరు రాలేదు.

అతని కుమారుడు పరాంతకుడు తండ్రి అస్థికలమీద ఒక శివాలయము నిర్మించినాడు. ఆదిత్యేశ్వరమనియు, కోదండరామేశ్వరమనియు దానికి పేర్లు. ఇట్టి గుడిని తమిళమున పళ్ళిప్పడై అందురు. చిత్తూరు మీదుగా పారు నీవా నది దిగువకు పోయి పొన్నై అను పేరు దాల్చునుగదా, ఆ యేటి ఒడ్డున, నేటి తమిళనాడులోని మేల్పాడిలో ఇట్టిదే మరియొకటి కలదు. అది అరింజయ చోళుని కొరకు మనుమడైన రాజరాజు కట్టించినది. బెకర్ పండితుడు చూచినచో "ఇదే నా సాక్ష్యము, చావును రాతితో కప్పినారు" అని ఉండెడివాడు.

కొంతవరకు అది నిజమే కావచ్చును. తండ్రి పేరు చెడకుండవలెనను తపన అందులో లేకపోలేదు. కాని ఆ గుడిలో ఏమి జరిగినదో కూడ చూడవలెను. పరాంతకుని నాటి శాసనము అక్కడ ఉత్సవదినములలో వేర్వేరు సమయముల వారికి, అనగా వేర్వేరు మతమార్గములలో నడచువారికి, అన్నము పెట్టుటకై ధర్మము ఏర్పరచినట్లు తెలుపుచున్నది. చచ్చిన రాజునకు ఆ అన్నముతో పని లేదు. అతనిని ఎన్నడును చూడని బాటసారి ఆకలి తీరుటకు అది ఏర్పాటు. రాజు చావు వలన పుట్టిన దుఃఖము, భయము, ఎవరో పరాయివాని విస్తరిలో అన్నముగా మారినవి. రాయి ఎందుకు పెట్టినారని అడిగినవారు ఆ విస్తరి ఎందుకు వేసినారనియు అడుగవలెను.

రాజుల మాట అట్లుండగా, సామాన్యులు ఏమి చేసినారు? ఇక్కడ మాకు మిక్కిలి ఇష్టమైన సంగతి యొకటి చెప్పవలసియున్నది. శ్రీకాళహస్తి మొదలుగా చోళుల ఏలుబడిలోని ఆలయములలో నందాదీపముల శాసనములు విరివిగా కలవు. నందాదీపమనగా రేయింబవళ్ళు ఆరని దీపము. ఒక దీపమునకు సామాన్యముగా 90 గాని 96 గాని గొర్రెలను దానము చేయుట వాడుక. ఈ గొర్రెలకు ఆ కాలపు తమిళ శాసనములలో ఒక పేరు కలదు: చావా మూవా పేరాడు. తెలుగున చెప్పవలెనన్నచో, చావని, ముసలితనము లేని పెద్ద గొర్రెలు.

మేము మొదట విన్నప్పుడు నవ్వుకొన్నాము. చావని గొర్రెయా! అటుపిమ్మట దాని మర్మము తెలిసినది. దాత ఆ మందను ఒక కాపరికి అప్పగించును. కాపరి దినమునకు ఇంతని, తరచుగా ఒక ఉళక్కు కొలతకు, నెయ్యి గుడికి చెల్లింపవలెను. మందలో గొర్రెలు ముసలివగును, తోడేలు పట్టును, రోగము వచ్చును. పిల్లలు పుట్టును. పుట్టిన వానితో పోయినవానిని పూడ్చుకొనుచు, లెక్క మాత్రము తగ్గనీయక కాపాడుట కాపరి బాధ్యత. ఆ కాపరి పోయినచో అతని కొడుకు. ఒక్కొక్క గొర్రె చచ్చుచునే ఉండును. మంద చావదు. దీపము ఆరదు. ఉపనిషద్వ్యాఖ్యానములు ఎన్నో చదివితిమి గాని మృత్యువును గూర్చి ఇంత తేటగా చెప్పిన మాట మాకు అరుదుగా కనబడినది. దానిని చెప్పినవాడు మహాపండితుడు కాడు, ఆలయపు లెక్కలు వ్రాయు కరణము.

ఇందులో భయము లేదా? ఉన్నది. ఇంటిలో చచ్చినవారి పుణ్యము కొరకు ఇట్టి దీపములు పెట్టించినవారు ఎందరో కలరు. కాని ఆ భయము "నన్ను చావనీయకుము" అని మాత్రము అడుగలేదు. "నేను పోయిన పిమ్మటను ఇది వెలుగుగాక" అని అడిగినది. రెండింటికిని ఎంత దూరమో చూడుడు. శ్రీకాళహస్తి గర్భాలయములో వాయులింగము ఎదుట దీపశిఖ గాలి కదలని చోటను అల్లలాడుచుండుట మీలో పెక్కురు చూచియే ఉందురు. ఊపిరి యొక్క స్వభావమును అంతకంటె చూపు స్థలము లేదు.

ఆచంద్రార్కమని శాసనములలో వ్రాసినంత మాత్రమున రాయి నిలుచునను భ్రమయు మనకు వద్దు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో శ్రీకాళహస్తిలో నిలిపిన రాజగోపురము 2010 మే నెల 26వ తేదీన కూలిపోయినది. ఆ వార్త విన్నప్పుడు మేము ఆ పూట భోజనము చేయలేకపోయినాము. మనుష్యుని పోలికనే గోపురమునకును ఆయుర్దాయము కలదు. మరల కట్టుకొన్నాము.

వీరగల్లుల మాట కూడ ఒకటి చెప్పి ముందునకు పోవుదము. బాణులు, వైదుంబులు, నొలంబులు పోరాడుకొన్న కాలమున ఈ చిత్తూరు సీమలో పశువుల మందలను శత్రువులు తోలుకొనిపోవగా అడ్డుపడి చచ్చినవారికి గ్రామస్థులు రాళ్ళు నిలిపినారు. పుంగనూరు ప్రాంతపు పొలములలో ఇట్టివి నేటికిని నిలిచియున్నవి. ఆ వీరులకు చావు భయము లేదనుట అబద్ధమగును. ఊరి ఆవులు పోవునను భయము దానికంటె పెద్దదైనది, అంతే.

బృహదారణ్యకోపనిషత్తు సృష్ట్యాదిని వర్ణించుచు, మొదట సర్వమును మృత్యువే ఆవరించియుండెననియు, ఆ మృత్యువు ఆకలియే అనియు చెప్పుచున్నది. పాఠశాలలో ఈ భాగము వల్లించునప్పుడు మాకు అర్థము కాలేదు. మా తరమునకు ముందటి పెద్దలు ధాత కరువును గూర్చి చెప్పగా అర్థమైనది. ధాత నామ సంవత్సరమున ఆరంభమై 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును దహించిన ఆ కరువులో బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతములలోనే యాభై లక్షలకు పైగా జనము మరణించినట్లు చరిత్రకారుల అంచనా. నేటి మన సీమ అప్పుడు ఉత్తరార్కాటు, కడప జిల్లాలలో చేరియుండెడిది. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. రాయలసీమవానికి మృత్యువు దున్నపోతు నెక్కి రాలేదు, ఖాళీ గాదె రూపమున వచ్చినది. అందుచేతనే కాబోలు, ఈ సీమలో ధర్మమనగానే అన్నమని అర్థము చెప్పుకొందురు. తిరుమలలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదానము నేడు తరిగొండ వెంగమాంబ పేరిట కట్టిన భవనములో సాగుచున్నది. వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టి బాల్యముననే భర్తను పోగొట్టుకొని, పసుపు కుంకుమలు తీసివేయుటకు సమ్మతింపక, స్వామియే నా భర్త అని నిలిచిన తల్లి ఆమె. మృత్యువు తన ఇంటికి వచ్చి పోయినంత మాత్రమున తానును చచ్చినదానివలె బ్రతుకనని ఆనాడే చెప్పిన తల్లి. ఆ పేరు అన్నశాలకు తగియున్నది.

ఇక గంగజాతర. రస్సెల్ మాటను పరీక్షించుటకు ఇంతకంటె మంచి త్రాసు లేదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మకు ఏటేట మండువేసవిలో జాతర జరుగును. మశూచికమును మన జనము అమ్మవారు అనియే పిలిచినారు. బిడ్డకు అమ్మవారు పోసినదని చెప్పెడివారు. చాటింపు వేసినది మొదలు జాతర ముగియు వరకు ఊరివారు ఊరు విడిచిపోరాదను కట్టుబాటు కలదు. అంటువ్యాధి పొరుగూరికి ప్రాకకుండుటకే పెద్దలు ఇట్లు పెట్టినారని కొందరు ఊహించుచున్నారు. అయి ఉండవచ్చును. మొత్తము మీద ఈ జాతర చావు భయము నుండి పుట్టినదని ఎవరైన అన్నచో మేము కాదని వాదింపము.

అయితే మశూచికము ఏమైనది? టీకాల వలన 1975 మే నెలతో భారతదేశమున ఆ రోగము కడసారి కనబడినది. 1980లో లోకమందంతటను అంతరించినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. దాని పేరు చెప్పిన వణకిన తరము మాది. ముఖమంతయు గుంటలు పడిన బంధువులు మాకు ఉండిరి. ఇప్పటి పిల్లలకు ఆ రోగమన్న ఏమో తెలియదు. భయమే జాతరకు ప్రాణమైనచో భయముతోపాటు జాతరయు పోవలసినది. పోలేదు సరికదా, జనము ఇంకను పెరిగినారు. బైరాగి వేషము, బండవేషము, తోటివేషము, దొరవేషము, మాతంగి వేషము, సున్నపుకుండలు, అన్నియు నడచుచునే ఉన్నవి. పైగా ఆ జాతర కథలో రోగము ప్రసక్తియే లేదు. ఆడవారిని చెరపట్టిన పాలెగానిని గంగమ్మ వేషములు మార్చి వెదకి, దొరవేషమున ఉన్నప్పుడు బయటకు రప్పించి సంహరించిన కథ అది. మా వంటి వైదికులు ఈ జాతరను దూరమునుండి చూచుట వాడుక. జంతుబలిని మేము సమర్థింపము. అయినను పురుషుడు చీర కట్టి, బొట్టు పెట్టి, ఒక్క పూటయైనను స్త్రీవలె ఆ వీథిలో నడచుటలో చావును మించిన ఒక సిగ్గును, ఒక న్యాయమును ఊరంతయు తలచుకొనుచున్నది. చివరి రాత్రి మట్టితో అమ్మ విశ్వరూపము చేయుదురు. తెల్లవారుచుండగా చెంప తొలగించి ఆ మట్టిని పంచుకొందురు. భక్తులు చిటికెడు మట్టికై పెనగులాడుదురు. తాము కొలిచిన మూర్తి తమ కన్నులయెదుటనే మన్నగుటను చూచి, ఆ మన్నునే ఔషధముగా దాచుకొనువారిని చావునకు జడిసి కన్ను మూసుకొన్నవారని ఎట్లందుము?

అంతకంటె తిన్నని మాట. కన్నప్ప కథ మీకు తెలియనిది కాదు. దేవుడు మృత్యువునుండి మనలను కాపాడుటకై మనము కల్పించుకొన్నవాడైనచో, శ్రీకాళహస్తిలో ఆ బోయవాడు లింగము కన్ను నెత్తురు కారుట చూచి దేవునికి ఏమగునో అని ఏల అల్లాడిపోవలెను? అతని భయము తన కొరకు కాదు. ఈ ఒక్క చిక్కును విప్పగల వాదము మాకు ఇంతవరకు కనబడలేదు.

మా పక్షము గెలిచినట్లు తోచుచున్నదా? తొందరపడవద్దు. భయము చెడుదారి పట్టిన కథలును మన యింటనే కలవు. ఐతరేయ బ్రాహ్మణమున హరిశ్చంద్రుడు కొడుకు పుట్టినచో బలి ఇత్తునని వరుణునితో ఒప్పుకొని, పుట్టిన పిమ్మట ఇదిగో అదిగో అని గడువులు పెట్టినాడు. కొడుకు అడవికి పారిపోయినాడు, తండ్రికి జలోదరము పట్టినది. చివరకు ఆకలితో మాడుచున్న అజీగర్తుని వద్ద అతని నడిమి కొడుకు శునశ్శేపుని నూరు ఆవులకు కొన్నారు. తన చావు తప్పించుకొనుటకు పరాయి పిల్లవానిని యూపమునకు కట్టుట! భయము బేరమునకు దిగినచో ఇంతవరకు పోవును. నేడు అపమృత్యు దోషమని చెప్పి అప్పులు చేయించి హోమములు చేయించువారు, జాతకము చూచి ఇన్ని దినములే అని బెదరించువారు ఆ బేరమునకు దళారులు. వేదము చదివినవారే ఈ పని చేయుట మాకు తలవంపు. మృత్యుంజయ మంత్రము ఏమి అడుగుచున్నదో వారికి తెలియదా? చావు వద్దనలేదు. పండిన దోసపండు తీగను తనంతట విడిచినట్లు బంధము వీడవలెనని అడిగినది. పచ్చికాయను త్రెంపవద్దని మాత్రమే అందులోని ప్రార్థన.

2020లోను, 2021లోను వచ్చిన మహమ్మారి భయము యొక్క రెండు ముఖములను ఒకేసారి చూపినది. 2020 మార్చిలో తిరుమల దర్శనము నిలిచినది, కైంకర్యములు ఏకాంతముగా సాగినవి, జూన్ నెలలో మరల ద్వారములు తెరచినారు. ఆ దినములలో కన్న తండ్రి శవమును తాకుటకు వెరచి దూరముగా నిలిచిన కొడుకులను గూర్చి విన్నాము. వారిని నిందింపము, ఆ భయము మాకును ఉండెను. అదే తిరుపతిలో ముక్కు మొగము ఎరుగనివారి శవములను మోసి, వారి వారి ఆచారము చొప్పున సంస్కరించిన యువకులు ఉండిరి. వారిలో ముస్లింలును ఉండిరి. అనాథప్రేత సంస్కారము అశ్వమేధముతో సమానమని మన పెద్దలు చెప్పిన మాటను, మన గ్రంథము చదువనివారు ఆచరించి చూపినారు. వారికి భయము లేదా అని మేము ఒకరిని అడిగితిమి. "ఉన్నది స్వామీ, ఇంటికి పోయి పిల్లలను ఎత్తుకొనుటకు ఇంకను భయము" అన్నాడు.

ఇక మా తప్పు ఒకటి చెప్పక ఈ ప్రసంగము ముగింపరాదు. సుమారు నలువది ఏండ్ల క్రిందటి మాట. స్వర్ణముఖీ తీరమున ఒక పల్లె. ఒకనాటి రాత్రి ఒక రైతు పరుగున వచ్చి, "అయ్యా, మా పెద్దవాణ్ణి పాము కరిచింది, మీరే కాపాడవల్ల" అని కాళ్ళమీద పడినాడు. మేము వెంటనే స్నానము చేసి, సంకల్పము చెప్పి, మృత్యుంజయ జపమునకు కూర్చున్నాము. ఊరివారు పసరు పోసినారు. ఆ రాత్రి అక్కడనున్న వారిలో ఒక్కరును, మేమును, ముందు ఆసుపత్రికి తీసికొనిపొమ్మని అనలేదు. చరకుడు దైవవ్యపాశ్రయమని, యుక్తివ్యపాశ్రయమని చికిత్సలను వేరు వేరుగా చెప్పినాడని మాకు తెలియును. పామువిషమునకు మందు సూది కలదని కూడ తెలియును. తెలిసియు, ఆ తండ్రి భయమును చూచిన క్షణమున, మా విద్యయే చాలునను అహంకారమో, మరి భయమే మమ్మును కూడ పట్టుకొన్నదో, నోరు పెగలలేదు. తెల్లవారి బండి కట్టినారు. అప్పటికి ఆలస్యమైపోయినది. మా జపసంఖ్య మాత్రము పూర్తియైనది.

అప్పటినుండి ఎవరు జపమునకై వచ్చినను, ఏ వైద్యునికి చూపినారు అని అడుగనిదే మేము పీటమీద కూర్చుండము. ఇది కొందరికి రుచింపదు. "ఇంతేనా మీ నమ్మకము" అన్నవారు కలరు. నచికేతుడు యముని ఇంటి వాకిట మూడు రాత్రులు పస్తుండి మొదటి వరముగా అడిగినది తన ప్రాణము కాదు, ఇంటివద్ద తండ్రి మనస్సు శాంతించవలెనని. బ్రహ్మవిద్య మూడవ వరము. ఆ వరుసను ఈ మధ్య మరల మరల చదువుచున్నాము.

ఆ రైతు మమ్ము ఒక్క మాట అనలేదు. ఏడాది తిరిగిన తిథినాడు పాఠశాల వాకిటికి ఒక మూట బియ్యము మోసికొని వచ్చినాడు. "మా వాడి ఈడు పిల్లోళ్ళు తింటారని తెచ్చినా" అన్నాడు. మేము లోపలినుండి వెలికి వచ్చుటకు కొంత సేపు పట్టినది. ప్రతి సంవత్సరము అట్లే తెచ్చినాడు. ఆయన పోయి పదేండ్లు కావచ్చినది. ఇప్పుడు రెండవ కుమారుడు తెచ్చుచున్నాడు.